అవ్వ తిట్లపాట

పెళ్లయి ఆర్నెల్లు నిండని జంట. వనపర్తిలోని వాళ్ల అద్దెగదిలో, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఆమె గొంతు వీధిదాకా వినిపిస్తోంది.

“మన పెండ్లిల మా అవ్వ పాడిన పాటలు ఏడవాయె?”

“కొత్త డిస్కుకు మార్చిన. జాగ సాలుతలేదని నువ్వే అంటివి గద.”

“ఫోల్డర్ల ఏం లేవు!”

“నిన్న కాపీ చేసి చూస్తే అన్నీ ఉండె. అందుకే పాతయి తీసేసిన. పొద్దుగాల ఆన్ చేస్తే మాయం.”

“ఒకపారి ఆపి, మళ్ల ఆన్ చేసి చూడకముందే తీసేసినవా? కొత్తింట్ల పాలు పొంగకముందే పాతిల్లు కూలగొడ్తరా ఎవరన్న? మొన్న అవ్వకు నోరు పడిపాయె. గా గొంతు ఇంకేడ దొరుకుతది నాకు?”

“జర మెల్లగ... ఇంటామె వింటది.”

“విననీ! ఆన్ అయినప్పుడల్ల కొత్త డిస్కు గూడ తెరువుమని సిస్టంల రాసిపెట్టినవా?”

“అది... రాయాల్నా?”

“జరుగు అటు!”

కొత్త డిస్కును తెరిచే ఆదేశాన్ని టైపు చేస్తూ ఆమె కోపమంతా కీబోర్డు మీద చూపించింది. ఖాళీ ఫోల్డర్ ఒక్కసారిగా నిండిపోయింది. ఆమె మొదటి పాట నొక్కింది.

“పెండ్లికొడుకు బుర్ర సూడు, ఎండిపోయిన సొరకాయ సూడు...”

“సాలు, ఆపు.”

ఆమె కళ్లు తుడుచుకుని శబ్దం ఇంకా పెంచింది.

“ఆపను. నా తిట్లు అయిపోయినయి. ఇగ అవ్వయి విను.”