మూడో తనిఖీ

వడ్రంగి షెడ్డులో సాయంత్రం. ద్వారబంధాలకు బిగించి వరసగా నిలబెట్టిన ఇరవై కొత్త తలుపులు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు, వాటిని చేసిన మేస్త్రీ, కాగితాలు చూసే మేస్త్రీ కూతురు.

"ఆగస్టు పందొమ్మిది. పాలల్లో నానబెట్టిన రొట్టె, రెండు ముక్కలు తింది. మూడోది వద్దంది."

"ఎవరు సార్?"

"మా ఆవిడ. తలుపు సరిగ్గా పట్టుకో మేస్త్రీ, ఊగుతోంది."

"తలుపు ఊగట్లేదు సార్. మీరే తోస్తున్నారు."

"నా సంగతి నీకెందుకు? ఇది ఎన్నోది?"

"పదిహేడు. ఇంకో మూడున్నాయి. మంచినీళ్ళు తాగుతారా? అమ్మలూ, సార్‌కి నీళ్ళు తీసుకురా."

"నీళ్ళొద్దు. ఇటు రామ్మా. ఒప్పందం నీ దగ్గరే ఉందిగా, పద్నాలుగో క్లాజు చదువు."

"మొన్న చదివాను సార్. అంతకు ముందూ చదివాను."

"మళ్ళీ చదువు. మీ నాన్న వినాలి."

"'సామగ్రి, సరఫరా, పనితనం మూడూ తనిఖీ అధికారికి తృప్తి కలిగించాలి. తృప్తి కలగనిచో తిరస్కరించవచ్చు. కారణం తెలుపనవసరం లేదు. మూడుసార్లు తిరస్కరించినచో ఒప్పందం రద్దు, గుత్తేదారు పేరు నిషేధ జాబితాలోకి.' చాలా సార్?"

"చాలు. ఇవాళ ఎన్నోసారి?"

"మూడోసారి. మొదటిసారి బందులు బాలేవన్నారు. రెండోసారి మేకు తల మెరుస్తోందన్నారు. మేకు తల మెరవక ఏడుస్తుందా సార్?"

"అమ్మలూ!"

"ఉండు నాన్నా. ఇవాళ ఏం బాలేదంటారో విందాం. తేమ చూశారు, సందు చూశారు, గడియ చూశారు. ఏం దొరకలేదు. అందుకే ఆగస్టు, రొట్టె ముక్కలు అంటున్నారు."

"నీకు నోరెక్కువమ్మా."

"చేతులు నాన్నవి, నోరు నాది సార్. ఇద్దరం పంచుకున్నాం."

"అయితే విను. ఏడేళ్ళ కింద, ఆ ఆగస్టు పందొమ్మిది, ఆస్పత్రిలో పన్నెండో నంబరు గది. రాత్రంతా వాన. ఆవిడకి చలేస్తోందని తలుపు దగ్గరికి లాగి మందు తేవడానికి వెళ్ళాను. నాలుగు నిమిషాలు. తిరిగొచ్చి తోస్తే తలుపు రాలేదు. ఉబ్బి బిగుసుకుపోయింది. భుజంతో కొట్టాను, కాలితో తన్నాను. వాచ్‌మన్ గునపం తెచ్చేసరికి పన్నెండు నిమిషాలు. లోపల్నించి నన్ను పిలిచింది. రెండుసార్లు. మూడోసారి పిలవలేదు. ఆ తలుపు ఎవరు చేశారు మేస్త్రీ?"

"నేనే సార్."

"కాదనవేం?"

"ఎలా అంటాను? నేనే చేశాను."

"ఈ పని నీకొచ్చిందని తెలిసి, అడిగి మరీ ఇక్కడికి బదిలీ చేయించుకున్నాను. వద్దన్న వాళ్ళున్నారు, నవ్విన వాళ్ళున్నారు. ఇంక ఏడాదిలో పని మానేస్తాను. ఈలోగా నిన్ను ఉలి పట్టుకోకుండా చేసి వెళ్దామని వచ్చాను. దాచుకోవడం దేనికి?"

"మొదటి రోజే అనుకున్నాను సార్. మీరు బందులు చూళ్ళేదు, నా మొహం చూశారు."

"తెలిసీ నోరెత్తలేదా?"

"ఎత్తి ఏమనను? తలుపు నాదేగా."

"చెక్క? అదీ నీదేగా?"

"నాన్నా, చెప్పు."

"నువ్వుండవే."

"చెక్క మాది కాదు సార్! ఆ ఆస్పత్రి ఒప్పందంలో చెక్క సరఫరా సర్కారు కలప డిపోది. మాది ఉత్త పనితనం. డిపో ఏమిస్తే అది వాడాలి. వాడకపోతే ఒప్పందం తప్పినట్టు!"

"డిపోనా? తడి చెక్క అని నీకు తెలీలేదా మేస్త్రీ? ముప్పయ్యేళ్ళ వడ్రంగివి."

"తెలిసింది. చిత్రిక పడితే పొట్టు పొడిగా రాలాలి. తడిగా వచ్చి చేతికి అంటుకుంది. తీసుకెళ్ళి డిపోలో చూపించాను. పాసైన చెక్క, నోరు మూసుకుని చెయ్యమన్నారు. చేశాను. అది నా తప్పు. చెయ్యనని వచ్చేయాల్సింది."

"పాస్ చేసిందెవరు?"

"ఎవరో, ఇప్పుడు గుర్తు లేదు."

"నీకు గుర్తు లేకపోవడమేంటి? తలుపుల నంబర్లన్నీ నోటికి చెప్తావు. ఎవడు? నేనూ ఆ డిపోలో రెండేళ్ళు చేశాను. అక్కడి వాళ్ళందరూ నాకు తెలుసు. ఆ పొట్టాయనేనా? పొద్దున్నే తాగి వచ్చేవాడు."

"ఛ, కాదు సార్. ఆయన మంచాయన."

"మరి పెద్ద గుమస్తా?"

"వదిలేయండి సార్. పద్దెనిమిదో తలుపు చూడండి, వెలుగు పోతోంది."

"వెలుగు పోతే లైటేసుకుంటాం. ఏడేళ్ళు నిన్ను తిట్టుకున్నాను మేస్త్రీ. అన్నం ముందు కూర్చున్నా నువ్వే, పడుకున్నా నువ్వే. ఇప్పుడు ఇంకొకడున్నాడంటున్నావు. వాడి పేరు చెప్పు. ఇరవై తలుపులూ ఇప్పుడే పాస్ చేస్తాను."

"చెప్పకపోతే?"

"తిరస్కారం. మూడోది."

"అయితే తిరస్కారమని రాసేయండి సార్."

"నాన్నా!"

"రాయనీ. బల్లలూ పీటలూ చేసుకుందాం. ఇన్నాళ్ళూ బతకలా?"

"బతికామా? ఆస్పత్రి తలుపు ఎంక్వైరీలో 'పనితనం లోపం' అని రాసిన రోజు నుంచి ఈ పని వచ్చేదాకా ఒక్కడు పని ఇచ్చాడా నీకు? అమ్మ చెవి కమ్మలు అమ్మి తాకట్టులో ఉన్న రంపం విడిపించావు. నేను చదువు మాని ఈ కాగితాలు పట్టుకున్నాను. ఈయన పగ ఈయనకుంటే నా పగ నాకుంది. తప్పుకో, కాగితాల పెట్టె తీయనీ."

"ఆ పెట్టె జోలికెళ్ళకు. ఒట్టు."

"నీ ఒట్టు నీ దగ్గరుంచుకో. వినండి సార్. డిపో పాస్ చీటీ. నెలకోసారి తీసి చూసుకుంటాను, ఏ రోజుకైనా పనికొస్తుందని. 'లాట్ ముప్పై ఒకటి. తలుపుల చెక్క. స్వయంగా పరిశీలించాను, తేమ లేదు, వాడదగినది. మార్చి ఏడు.'"

"మార్చి ఏడా?"

"అవును."

"కింద సంతకం ఎవరిది?"

"ఇదిగో, ఇక్కడుంది."

"చదవమ్మా. ఇందాకటిదాకా గడగడా చదివావుగా."

"మీరే చూడండి."

"కళ్ళజోడు... ఏదీ, ఇటివ్వు. ఇది... మేస్త్రీ, ఇది నా సంతకం."

"చించేద్దామనుకున్నాను సార్. మా అమ్మలు దాచేసింది."

"మార్చి ఏడున నేను డిపోకి వెళ్ళలేదు. ఆవిడకి మొదటిసారి రక్తం పడింది ఆ రోజే. గుమస్తా చీటీల కట్ట ఇంటికి పట్టుకొచ్చాడు. ఒక చెయ్యి ఆవిడ నుదుటి మీద ఉంది. రెండో చేత్తో సంతకాలు పెట్టుకుంటూ పోయాను. ఎన్ని పెట్టానో కూడా... సిరా అలుక్కుపోకుండా ఆవిడే ఒక్కో కాగితం తీసుకుని ఊదింది."

"కూర్చోండి సార్. ఆ స్టూలు ఇటు లాగవే."

"లాట్ నంబరే ఉంటుంది చీటీ మీద. ఎక్కడికి పోతుందో ఉండదు. నాకు తెలీదు మేస్త్రీ."

"తెలిస్తే పెడతారా సార్ ఎవరైనా?"

"ఎంక్వైరీలో ఈ కాగితం ఎందుకు చూపించలేదు నువ్వు?"

"చూపించాలనే తీసుకెళ్ళాను. ముందు మీకొక మాట చెప్పి వెళ్దామని మీ ఇంటికొచ్చాను. ఆవిడ పోయి పదిరోజులయిందేమో. పెరట్లో ఆవిడ బట్టలు ఉతికి ఆరేస్తున్నారు మీరు. గాలికి పోతాయని ఒక్కోదానికి రెండేసి క్లిప్పులు పెడుతున్నారు. గేటు దగ్గర్నుంచే వెనక్కొచ్చేశాను."

"దానికి మేం ఏడేళ్ళు మూల్యం కట్టాం సార్. ఇప్పుడు చెప్పండి, దొరికాడుగా మనిషి."

"చాలమ్మలూ. ఇంక చాలు."

"దాన్ని అననీ మేస్త్రీ. అనాల్సిందే... ఆ రిపోర్టు ఇటివ్వమ్మా. ఇరవైకి ఇరవై. పాస్. కలం ఏది? ఇదిగో."

"ఆగండి సార్."

"ఏం, ఇదే కదా కావాలి మీకు?"

"ఇంకో మూడు తలుపులున్నాయి."

"నీ పని నాకు తెలీదా? చాల్లే, సంతకం పెట్టనీ."

"మళ్ళీ చూడకుండానే పెడతారా, సార్?"

ఇంజనీరు కలానికి మూత పెట్టాడు. కూతురు లైటు వేసింది. ఆయన లేచి మిగిలిన మూడూ తెరిచి, కొలిచి, చివరిదాన్ని చప్పుడు కాకుండా మూసి, అప్పుడు కలం మూత తీశాడు.