వంగరెడ్డి కూరకు ఆ పేరెట్లా వచ్చిందంటే

పెంచల్రెడ్డని ఒకాయన ఉండేవాడంట, ఉప్పుటేటి పక్క ఊళ్ళో. నడుము లేని మనిషి. అంటే నడుము ఉందనుకో, దానికి వంగటం తెలీదు. కాలి చెప్పు జారినా ఇంకొకడొచ్చి తొడగాల్సిందే. ఒకసారి పక్కూరి పంచాయితీలో ఎవరో పెద్దాయనకు వంగి దండం పెట్టమన్నారంట. దానికి మండిపోయి ఇంటికొచ్చి, 'నా ఇంటి మనిషి దేనికీ వంగకూడదు, వంగినోళ్ళు నా గడప తొక్కొద్దు' అని చాటాడు. అందరూ సరేనన్నారు. ఆయన భార్య చెంగమ్మ మరీ సరేనంది. ఆ రోజు నుంచి చీపురు పట్టలా, ముగ్గెయ్యలా. 'ఏందే ఈ దుమ్ము?' అంటే, 'నేనూ మీ ఇంటి మనిషినే గదయ్యా, ఎట్లా ఊడ్చేది?' అంటదంట. నవ్వమాకండి, ఆయమ్మ మొగుడి మాట జవదాటని ఇల్లాలు.

ఏమైందంటే, రెడ్డి తిండంతా మాంసం, అన్నం. ఆకుకూర వడ్డిస్తే 'నేనేమన్నా మేకనా?' అని కంచం నెట్టేవాడు. అట్లా తిని తిని చిగుళ్ళు వాచినయ్యి. నెత్తురు కారేది. ముందు పన్నొకటి ఊడి మజ్జిగలో పడిందంట. ఊళ్ళో తగువులు తీర్చేది ఆయనే గదా, ఇంక తీర్పు చెప్పబోతే మాట కంటే ముందు గాలొచ్చేది, జనం తలకాయలు దించుకుని మీసాల్లో నవ్వుకునేవాళ్ళు. వైద్యుడొచ్చి చూసి, 'ఆకు తినకపోతే నోట్లో ఒక్క పన్నూ మిగలదు. ఏటిగట్టున ఉప్పునేలలో కండగల ఆకు ఉంటది, అది వండించుకో' అన్నాడంట. పేరు చెప్పలా. అప్పటికి దానికి పేరుంటే గదా.

రెడ్డి తన పెద్దపాలేరు మస్తానయ్యను పంపాడు. మస్తానయ్య కూడా ఆ ఇంటి ఉప్పు తినేవాడే గదా, వంగడు. గట్టంతా రొమ్ము విరుచుకుని తిరిగి, నిలబడి చేతికందిందే కోసుకొచ్చాడు. ఏందది? మొగలిపొద ఆకు. ఉడకేసి నోట్లో పెట్టుకుంటే ముళ్ళు చిగుళ్ళలో దిగి రెడ్డి కేక పెట్టాడు. 'ఒరే, కండగల ఆకురా నేను చెప్పింది!' 'నిలువెత్తున ఉన్నవాటిల్లో ఇదే కండగలది అయ్యా' అన్నాడంట వాడు.

అప్పుడు చెంగమ్మ తీరిగ్గా, 'ఆ ఆకు నాకు తెలుసయ్యా. మా పుట్టింటోళ్ళది సముద్రపొడ్డే గదా. నేల మీద పాకతది, ఎర్రటి కాడ, నీళ్ళు నిండిన లావాటి ఆకు, గులాబీరంగు చిన్న పువ్వు' అంది. 'తెలిసి చెప్పలేదేమే?' 'మీరడగలా.' 'అయితే పోయి కోసుకురా.' 'వంగి కొయ్యాల గదయ్యా. వంగితే గడప తొక్కనియ్యరు. ఈ వయసులో నేనేడికి పొయ్యేది?' రెడ్డి ఆలోచించాడు. మాట వెనక్కి తీసుకుంటే ఊరంతా తెలిసిపోద్ది. నడుమైతే ఎవరూ చూడకుండా వంచుకోవచ్చు. అంత తెలివి ఆయనకే వస్తది.

ఎండ నెత్తికెక్కి జనం నీడకు చేరాక, మొగుడూ పెళ్ళాం గట్టుకు పోయారంట. రెడ్డి కాలిబొటనవేలితో ఒక ఆకును కదిలించి, 'ఇదేనా?' అన్నాడు. 'నిలబడితే ఏం తెలుస్తది? వంగండి.' కొంచెం వంగాడు, నడుము పటుక్కుమంది. 'ఇంకా వంగండి. అది సన్నాకు, ఇలకూర. అదీ తినేదే గానీ మనకు కావాల్సింది దాని పక్కది. నలిపి నాలిక మీద పెట్టుకోండి, ఉప్పగా ఉందా?' 'ఉందే.' 'కొయ్యండి మరి.' ఆయన ఒక కొస తుంచి లేవబోయాడు. ఆయమ్మకు ఇన్నాళ్ళ దుమ్ము గుర్తొచ్చిందో ఏమో, 'వంగు రెడ్డీ, వంగు!' అని గొంతెత్తి అరిచింది. మొగుణ్ణి పట్టుకుని రెడ్డీ అనేసింది! గట్టవతల పడవ నీడన వలలు బాగుచేసుకునేవాళ్ళు తలలెత్తి చూశారు. చూసినోళ్ళు ఊరుకుంటారా?

ఆకును ఉడకబెట్టి, నీళ్ళు పిండేసి, ఉప్పెయ్యకుండా పప్పులో వండింది. రోజూ తిన్నాడు, రోజూ గట్టుకు పోయి తనే కోసుకున్నాడు. వాపు తగ్గింది, కదిలే పళ్ళు గట్టిపడినయ్యి. ఊడిన పన్ను రాలేదనుకో, అది కూరే గానీ మంత్రం కాదు గదా. ఈలోపు చేపలమ్మే ఆడోళ్ళు ఆ ఆకును గంపల్లో పెట్టుకుని 'వంగరెడ్డి కూరమ్మో' అని ఊరూరా కేకేయటం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆయన మనవళ్ళు, ఆ ఆకును లోకానికి చూపించింది మా తాతే, అందుకే ఆయన పేరు పెట్టారంటారు. మీ తాత పేరు పెంచల్రెడ్డి గదయ్యా, ఈ వంగ ఏడినుంచి వచ్చిందని నేనే ఒకసారి అడిగా. అది మా ఇంటిపేరన్నారు. ఇంటిపేరన్నా మార్చుకుంటారు గానీ, తాత వంగాడని మాత్రం ఒప్పుకోరు.