రాయి గొంతు

ఖర్చు తగ్గించడానికి తీసేయాల్సిన పోస్టుల జాబితాతో పాత కోటకు వచ్చిన ఆఫీసరు, పొడవాటి పిడి ఉన్న కొయ్యసుత్తితో ద్వారం మీది గోడను కొడుతున్న కాపలాదారు దగ్గర ఆగాడు.

"ఏంటిది పెద్దాయనా, కాపాడాల్సిన గోడని మీరే కొడుతున్నారు?"

"కొట్టడం కాదు సార్, పలకరిస్తున్నా. గట్టి రాయి ఖంగుమంటుంది. వెనక సున్నం రాలిపోతే డొల్లగా మోగుతుంది."

"రోజూ ఇదే పనా?"

"రోజుకో వరస సార్. ముప్పై ఏళ్లుగా."

"ఈ నెలాఖరుకి మీ పోస్టు పోతోంది, తెలుసుగా?"

"తెలుసు. అందాకా పని పనేగా!"

"ఏదీ, ఆ సుత్తి ఇలా ఇవ్వండి... ఇది ఖంగుమంది. ఇదీ అంతే. అరె, ఇదేంటి, ఖాళీ కుండలా మోగింది?"

"మీ చెవి మంచిదే సార్! పోయిన వారం దాకా అదీ ఖంగుమనేది."

"జనం లోపలికి వెళ్లేది దీని కిందనుంచే కదా? ఎప్పుడు ఊడుతుంది?"

"చెప్పలేం. పదేళ్లు ఉండొచ్చు, పది రోజులూ కావచ్చు. పైవాళ్లకి రాసి పంపా. మేస్త్రీ వచ్చేదాకా రోజూ వింటూ ఉండాలి. గొంతు ఇంకాస్త మారిందంటే వెంటనే దారి మూసేస్తా."

"మరి వచ్చే నెల నుంచి ఎవరు వింటారు?"

"నేనూ అదే అడుగుదామనుకున్నా సార్. మీ కాగితంలో ఎక్కడైనా రాశారేమో చూడండి."