గానుగ కాడి నల్లకుక్కకి అవార్డు

కశింకోట ఆటోస్టాండు పక్కన కుమారి టీకొట్టులో చిన్నబాబు నోరు తెరిచాడంటే మాకు రెండో టీ ఖాయం. ఆటో తోలేది అనకాపల్లి దాకా, కోతలు కోసేది ఢిల్లీ దాకా. ఆ రోజు కొట్లో నానాజీ కూడా ఉన్నాడు. వానల్లో అతని గానుగ పాకలోంచి బెల్లం వండే పెనాన్ని ఎవడో ఎత్తుకుపోయాడు. ఇప్పుడు కార్తీకం వచ్చింది, చెరకు కోతకొచ్చింది, వండడానికి పెనం లేదు. పాపం, అప్పట్నుంచి సొంత తమ్ముడు పలకరించినా అనుమానంగానే చూస్తున్నాడు.

"ఏటనుకుంతన్నారు? విశాఖపట్నంలో కుక్కలకి అవార్డులిత్తన్నారు!" మొదలెట్టాడు చిన్నబాబు. "గొప్ప పని సేసిన కుక్కకొకటి, దాన్ని ఆదుకున్న మనిషికొకటి. రెండూ మనయే! రేపు ఆల్లు ఈ కొట్టుకొచ్చి మిమ్మల్నే అడుగుతారు, అందుకే ముందుగా సెప్తన్నాను, ఇనుకోండి. మన నానాజీ బావ గానుగ కాడ నల్లకుక్క లేదూ, దాని కాల్లో ముల్లు దిగబడితే నేనే తీసేను."

"నువ్వే?" అంది కుమారి, టీ వడకడుతూ.

"ముల్లంటే ముల్లు కాదు, జానెడు మేకు! పళ్ళతో పట్టి లాగేను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? అది నా ఆటో ఎనకాలే అనకాపల్లి దాకా పరిగెట్టుకొచ్చీసింది. రైలు గేటు కాడ నా బ్రేకు పడలేదు, అటు రైలు కూతేత్తంది, ఆ కుక్క నా ఆటోని పళ్ళతో అట్టుకుని ఆపీసింది! లోపల తొమ్మండుగురు జనం!"

"నీ ఆటోలో తొమ్మండుగురేనా? అది మటుకు నమ్మను," అన్నాడు పక్క బెంచీ మీది సోములు.

"అదొదిలీ మామా, అసలు సంగతి గానుగది. ఓ సాయంత్రం ఆ దారంట పోతంటే కుక్కొచ్చి నా లుంగీ పట్టుకుని లాగింది. సూద్దును గదా, పొయ్యి ఎగదన్ని పాక అంటుకుంది! పెనంలో పాకం కుతకుతా ఉడికిపోతంది! కుక్క బిందె నోట కరుసుకుని శారదా నదికెళ్ళి నీల్లు తెత్తంది, నేను పోత్తన్నాను, అది తెత్తంది, నేను పోత్తన్నాను, ఆకరికి నదిలో నీల్లయిపోయేయి! అప్పుడేటి సేసేనో తెలుసా? మండిపోతన్న పెనం, పాకంతో సహా, ఒక్క సేత్తో ఎత్తి అవతలికి ఇసిరీసేను! మంట ఆరిపోయింది. కుక్క ముచ్చటపడి నా కాలు అట్టుకుంది. సూడండి!"

లుంగీ పైకెత్తి పిక్క చూపించాడు. పంటిగాట్లు నిజంగానే ఉన్నాయి.

"ముచ్చటపడే అంత లోతుగా దింపిందా?" అంది కుమారి.

నానాజీ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇదెప్పటి మాట బావా?"

"శ్రావణంలో బావా! వరలచ్చిమి పూజ నాడు. ఇంజక్షన్లు పొడిపించుకున్నోడిని, మరిసిపోతానేటి? కావలిస్తే ఆస్పత్రిలో అడుగు."

"శ్రావణంలో సెరుకెక్కడ పండింది బావా? గానుగ ఆడలేదు, పొయ్యి ఎలిగించలేదు, పాకానికి రసమే లేదు. పాకకి తాళం. లోపలున్నది ఒట్టి పెనం, గుమ్మంలో ఆ కుక్క."

చిన్నబాబు గబగబా లుంగీ దించేశాడు. "కోతలక్కూడా నెల సూత్తారేటి బావా!" అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. సోములు లేచి వెళ్ళి ఆటోకి అడ్డంగా నిలబడ్డాడు.

నానాజీ మాత్రం చాలా శాంతంగా అన్నాడు: "రేపొచ్చినోల్లకి నేనే సెప్తాను, ఆ కుక్కకి అవార్డు ఇచ్చి తీరాలని. నీ కతలో కూడా ఒక్క ముక్క నమ్ముతున్నాను బావా, నా పెనం ఎగిరిందన్నావు సూడు, అది. ఎక్కడికి ఇసిరేవో సెప్పు, నీ ఆటోలోనే పోయి తెచ్చుకుందాం."