ఊళేసే కుండలు

కుమ్మర ఈరమ్మ ఉండ్లా, ఆమె వాకిట్లో కట్టేసిన మేకను పట్టపగలే తోడేలు ఈడ్చుకుపోయిందంట. మొగుడు సచ్చిపోయి మూడేండ్లు. ఆమెకు ఉండేదంతా కుండలు చేసే సారె ఒకటి, కూతురు ఒకటి. ఆ పిల్ల మేక పక్కనే మట్టితో ఆడుకుంటా ఉన్నిందంట, అనుకో! జానెడు ఇటైతే పిల్లే పోవాల. ఆ పొద్దు నుంచి ఈరమ్మకు కూడు దిగల్యా, కన్ను మూతపడల్యా. ఆ భయంలోనే సారె ముందర కూర్చునింది. ఏం చేసిందంటే, మూతి సన్నగా, పొట్ట లావుగా కుండ చేసి, పక్కన బొటనేలు దూరేంత బొక్క పెట్టి, కాల్చి, కప్పు మీద గాలికి కట్టింది. గాలి దూరితే చాలు, ఊఁ... అని ఊళేస్తాదంట, గుండె జల్లుమనేటట్టు. తోడేలు మళ్ళా ఆ దిక్కుకు రాల్యా.

ఇంక సూస్కో ఊరోళ్ళను! మొన్నటిదాంకా ఆమె ఎదురొస్తే అపశకునమని ఎనక్కి తిరిగినోళ్ళే, ఆమె వాకిట్లో కాసుకోని నిలబడ్డారంట. "అమ్మా ఈరమ్మా, మా దొడ్డికొకటి", "మాకు రెండు తల్లీ" అని. ఊరిపెద్ద గుర్రప్ప అయితే ఏడు కట్టించుకున్నాడు. "ఈరమ్మ మనూరి పాలిటి దేవత" అని నలుగుర్లో చెప్పింది ఎవురనుకుంటారు? ఆయనే.

ఆ యేడు వాన రాల్యా. ఆషాఢం పోయె, శ్రావణం పోయె. మబ్బు పడతాది, గాలి లేస్తాది, మబ్బు చెదిరి పోతాది. గాలి లేసినప్పుడల్లా కుండలు ఊళేస్తాయి గదా, "ఆ ఊళకు బెదిరే మబ్బు పారిపోతాంది" అన్నాడంట ఎవుడో. ఎవుడన్నాడో ఈ పొద్దుకూ తెలీదు! సాయంత్రానికి బాయి కాడ అదే మాట, కల్లం కాడ అదే మాట. మబ్బును తరిమేది గాలిరా, కుండ కాదురా అని ఒక్కనికన్నా తోచల్యా! తోడేలు భయముంటే ఆమె దేవత, కరువు భయమొస్తే ఆమె శని. ఏం న్యాయమబ్బా ఇది? గుర్రప్ప పంచాయితీ పెట్టి, ఊర్లో ఒక్క కుండ మిగిలినా వాన రాదు, కుండలన్నీ పగలగొట్టాల, మళ్ళా చేయకుండా దాని సారె కూడా చీల్చేయాల అన్నాడంట.

వారం దినాల్లో అందురూ ఎవురి కుండలు వాళ్ళు పగలగొట్టుకోని, సారె కోసరమని వస్తే, ఈరమ్మ దాని మీద అడ్డం పడింది. "అన్నా, ఇది పోతే నా బిడ్డకు గంజి యాడ్నుంచి తేవాల? కుండలు పగలగొట్టినారు గదా, దీన్ని ఇడిసిపెట్టండి" అని గుర్రప్ప కాళ్ళు పట్టుకునిందంట. ఆయన ఇనల్యా. అప్పుడు లేసింది ఆమె, కండ్లు తుడుచుకోని. "ఊర్లో ఒక్క కుండ మిగిలినా వాన రాదంటిరి గదా. ముందు అన్ని దొడ్లూ సూద్దాం పాండి. అన్నీ పగిలినాకే నా సారె ముట్టుకోండి" అనె. సరేనని అందురూ పోయినారు. ఏ దొడ్లో సూసినా పెంకులే. గుర్రప్ప దొడ్డికి పోతే, ఏడు కుండలూ ఏడుగానే ఏలాడతా ఉండాయంట! పగలు ఊళ ఎవురికీ ఇనపడకుండా బొక్కల్లో గుడ్డలు కుక్కేది, చీకటి పడి ఊరు పండుకున్నాక తీసేది. ఆయనకు నూరు గొర్రెలుండె గదా, తోడేలంటే అందరికంటే ఆయనకే ఎక్కువ భయం.

"ఇప్పుడు చెప్పండి" అనె ఈరమ్మ. ఏం చెప్పినారో తెలుసునా? "పెద్దాయన పెట్టుకున్నాడంటే దానికేదో కారణం ఉంటాదిలే" అన్నారంట! అని, ఎనక్కొచ్చి, ఆ సారెను గొడ్డలితో చీల్చినారు. థూ! మనుషులేనా అని!

ఈరమ్మ బిడ్డను చంకనేసుకోని ఆ పొద్దే ఊరిడిసి పోయింది. వానంటారా, ఆ యేడంతా చినుకు పడల్యా. తోడేళ్ళు మాత్రం వచ్చినాయి, దొడ్లకు దొడ్లే ఖాళీ అయినాయి. అయ్యో పాపం ఈరమ్మ అంటా నాలిక చప్పరిస్తాండారే, సిగ్గులేదూ మీకు? ఆమె తరపోళ్ళు ఈ ఊర్లో ఒక్కరూ లేరు. ఆ గొడ్డలి మా తాతది. ఎనకాల నిలబడి కొట్టు కొట్టు అన్నోళ్ళు మీ తాతలు.