భూమేశన్న దవడ

గట్ల చూడకు భూమేశన్నా. కండ్లతోని తిట్టుడు బంద్ చెయ్యి. తిట్టాలనుంటే దవడకు కట్టిన తీగలు ఇప్పినంక తిట్టు. ఇయ్యాల నేను చెప్త, నువ్వు ఇను. నీ దోస్తునని చెప్పి లోపటికొచ్చిన. నర్సమ్మ నమ్మింది. నీ దవడ ఇరగ్గొట్టినోన్ని నేనే అని ఆమెకేం ఎరుక?

లేవకు. సెలైన్ సూది ఊడుతది. నా చేతిల రాడ్ లేదు, చూడు.

సంపేదుంటే నీ మెకానిక్ షెడ్డు కాడ్నే సంపుతుంటి గదా. టైరు బోల్టులు ఇప్పే రాడ్ అది, నీదే. ఒక్కటే దెబ్బ. పండ్లు రాలిన సప్పుడు ఇంకా నా చెవులల్ల ఉన్నది. తర్వాత కిందేసి తన్నింది నేను గాదు, నా బామ్మర్ది రాజేశ్, మా తండా పోరగాండ్లు. నీ షెడ్డు రేకులు పీకింది వాండ్లే. డీజిల్ డబ్బా తన్ని అగ్గి పెట్టింది వాండ్లే. నేను నిలవడి చూసిన. ఆపలే. ఎందుకు ఆపాలె? నా పెండ్లాం చెయ్యి పోయింది.

అవును, కుడిచెయ్యే. మణికట్టు కాడికి తీసేసిండ్రు. ఇదే దవాఖానల, ఆడోండ్ల వార్డుల ఉంది మా దుర్గి. నీకెవ్వలు చెప్పలేదా?

ఎసొంటిదుండె అన్నా, కిరాయికి తోలే నా కారు. సెకండ్ హ్యాండ్‌దే, అయితేంది. సకలజనుల సమ్మెల బస్సులు బందైతే, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి జనాన్ని మోసింది ఆ కారే. మొన్న శివరాత్రి దాటినంక దానికేమైందో ఏమో. ఏసీ బంద్ ఉంటే మంచిగనే ఉరుకుతది. ఏసీ ఏసి ఎక్స్‌లేటర్ తొక్కితే మాత్రం మూలుగుతది, ముందుకు గుంజదు. నీ కాడికే తెచ్చిన. ఇంకెవ్వని కాడికి పోత?

ఆ దినం దుర్గిని కామారెడ్డికి తీస్కపోతున్న. చీర కొనుక్కుంటనన్నది. ఎప్పుడు కిరాయికొచ్చినోళ్లే కూసునే ముందు సీట్ల నా పక్కన కూసోని, ఏసీ గాలి మొఖం మీదికి తిప్పుకున్నది. లింగంపేట దాటినంక ముందల చెరుకు లారీ. బండిని దాటేటప్పుడు ఏసీ బంద్ చేస్తం గదా మనోళ్లం, అలవాటుల నా చెయ్యి బటన్ మీదికి పోయింది. ఆమె నవ్వింది. "తండా అంత నా కారుల ఏసీ ఉందని చెప్పుకుంటవ్. గింతేనా నీ ఏసీ?" అన్నది.

నాకు రోషమొచ్చింది. పెండ్లాం నవ్వితే రోషమేందిరా అంటవా? వస్తది నాకు. బటన్ మీదికెల్లి చెయ్యి తీసిన. ఏసీ నడుస్తుండంగనే తొక్కిన. లారీ సగం దాటినంక కారు దమ్ము సచ్చిపోయింది. ఎంత తొక్కినా ఉరకదు. ఎదురుంగ బస్సు. బ్రేక్ కొట్టి మల్ల లారీ ఎనకకు కట్ కొట్టిన. లారీ ఎనక ఇనుప కమ్మి ఎడమ పక్కంత చీరేసింది. ఆమె అడ్డం పెట్టుకున్న చెయ్యి ఆడనే నలిగింది. నెత్తురు నా అంగీ మీద, అద్దం మీద, గీడ నా మూతి మీద. ఆమె ఒర్రుతనే ఉంది. ఏసీ కూడ నడుస్తనే ఉంది.

ఎట్లైంది, ఎట్లైంది అని తండా అంత మీద పడ్డరు. నేనేమన్ననో ఎరుకేనా? "భూమేశ్‌కు చూపెట్టిన, ఏం లేదు పో అన్నడు" అన్న. గంతే. రాజేశ్ ఇంకో మాట ఇనలే, చెప్పులేసుకున్నడు.

తల ఊపకు, నొస్తది. నాకెరుకే. నువ్వు గట్లనలే.

నువ్వేమన్నవో నేనే చెప్త. "ప్రేమ్‌సింగ్, దీని ముందటి బంపర్ ఇప్పాలె. ఏసీ జాలికి చెత్త పట్టింది, గాలి ఆడుతలేదు, ఆ బరువంత ఇంజన్ మీద పడుతున్నది. పొద్దుగూకేదాక బండి ఇడిచిపెట్టు, కడిగిస్త" అన్నవ్. నాకు పెండ్లి కిరాయి ఉండె. తర్వాత చూద్దం తియ్ అని తోలుకపోయిన.

గా చెత్త ఏడిదిరా అని కూడ అడిగినవ్. నేను చెప్పలే. శనగ పొట్టు అన్నా అది. రాజేశ్ శనగ చెట్లు పీకి రోడ్డు మీద పరిచిండు. అందరు గట్లనే పరుస్తరు గదా, పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతది. ఆ దినం బండ్లు తక్కువున్నయ్. "బావా, నీ కారన్న తిప్పు" అన్నడు. తిప్పిన. ముందుకు, ఎనకకు, పొద్దంత తిప్పిన. దుర్గి కట్టెతోని చెట్లు ఎగదోసుకుంట నా ముందల్నే ఉండె. పొట్టు లేస్తుండె, కారు గుంజుకుంటుండె. మస్తు నవ్వుకున్నం ఆ దినం.

ఇప్పుడు కారు ఠాణా ముందల పడి ఉంది. నిన్న పోయిన. పలిగిన బంపర్ల చెయ్యి పెడితే పిడికెడు పొట్టు. మల్ల పెట్టిన, మల్ల పిడికెడు.

ఇగ అసలు ముచ్చట ఇను. షెడ్డు కాడ రాజేశ్ నీ గల్లా పట్టిండు. నువ్వు భయపడలే. నా దిక్కు చూసినవ్. "నేను చెప్పిన గదా ప్రేమ్‌సింగ్, ఆ చెత్త..." అన్నవ్. గప్పుడు లేసింది నా చెయ్యి. కాలు మీద కొట్టొచ్చు. నెత్తి మీద కొట్టొచ్చు. నీ నోటి మీదనే కొట్టిన. దుర్గి కోసం గాదన్నా. రాజేశ్ ముందల నీ నోరు మూతపడాలెనని కొట్టిన.

దండం పెట్టనీకె రాలే నేను. ఇప్పటికి గూడ నిన్ను చూస్తే కోపమే వస్తున్నది. ముందుగాలనే చెప్పినోనివి నువ్వే గదా, అందుకు.

పొద్దుగూకేసరికి పోలీసోల్లు కాగితం తెస్తరట. నీకు రాసుడు వస్తది. రాయి. అన్ని రాయి. రాజేశ్ నన్ను నరుకుతడు. నరకనీ, దానికి భయపడుతలేను.

దుర్గికే భయపడుతున్న. మూడు పూటల నేనే తినవెడుతున్న ఆమెకు. ఈ చేత్తోనే, నిన్ను కొట్టిన చేత్తోనే. ఒక్కో ముద్దకు నిన్ను తిడుతది. వాని ఇల్లు గూల, వాని నోట్లె మన్ను వడ అంటది. అని నోరు తెరుస్తది, నేను బువ్వ పెడుత. నువ్వు రాసినంక నా చేతి ముద్ద ముడుతదా ఆమె? ముట్టది. ఎడమ చేత్తోని తినుడు ఇంకా వస్తలేదు దానికి.

జర ఆగి రాయి అన్నా. ఈ పూట తినవెట్టి వస్త.