ఆరో గడిలో నేను రాసిన పేరు

నా పేరు, తండ్రి పేరు ఈ వాంగ్మూలం మొదటి పేజీలో నమోదయ్యాయి. వయసు నలభై ఎనిమిది. శరణార్థి శిబిరంలో అర్జీలు రాయడం నా వృత్తి. రాత్రి బడిలో చదివి నలభై ఒకటో ఏట డిగ్రీ పట్టా పుచ్చుకున్నాను. తమరు అడగకపోయినా చెబుతున్నాను, జరిగినదానికి దీనితో సంబంధం ఉంది.

స్వదేశానికి స్వచ్ఛందంగా తిరిగి వెళ్లదలచిన వారి దరఖాస్తులు నేనే నింపుతాను. రాసినది రెండుసార్లు చదివి వినిపించి, ఆ తరువాతే వేలిముద్ర వేయిస్తాను. ఈ పద్ధతి నేను పెట్టినదే. ఇంతవరకు మూడువందల పన్నెండు రాశాను. తప్పులున్నాయని ఒక్కటీ తిరిగి రాలేదు.

మూడువందల పన్నెండవది మా అక్క, బావలది. బావ రేడియోలు బాగుచేస్తాడు, చదువు రాదు. పద్నాలుగేళ్ల క్రితం సరిహద్దు దాటి వచ్చినప్పుడు, అక్కడి పోలీసుల జాబితాలో తన పేరు ఉన్నందున, చనిపోయిన తమ్ముడి పేరు చెప్పి నమోదు చేయించుకుని, ఆ పేరుతోనే శిబిరం కార్డు తీసుకున్నాడు. మా శిబిరంలో అలా చేసినవారు చాలామంది ఉన్నారు.

గత నెల ఏడో తేదీ మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు వాళ్లిద్దరూ నా బల్ల దగ్గరికి వచ్చారు. పాత కేసులన్నీ మాఫీ చేశామని అక్కడి ప్రభుత్వం ప్రకటించి అప్పటికి ఇరవై రోజులైంది.

"రాయవయ్యా ప్లీడరూ, ఇంటికి పోతున్నాం," అన్నాడు బావ. నాకు పట్టా వచ్చిన నాటినుంచి అలాగే పిలుస్తాడు.

"ఏ పేరు రాయమంటావు బావా?"

"కార్డు మీదున్నదే. మావాడి పేరు వాడికంటే నాకే బాగా అతికింది. పాపం, వాడు పట్టుమని పాతికేళ్లు కూడా వాడుకోలేదు."

"అన్నీ మాఫీ అన్నారుగా?"

"అన్నారు. అన్నవాళ్లని నువ్వు చూశావా?"

అక్క నవ్వి, "ముందు నీ చొక్కా గుండీ సరిగ్గా పెట్టుకోరా," అంది. ఒక గుండీ తప్పు కాజాలో ఉన్నమాట నిజం.

ఆరో గడి పేరు రాయడానికి. ఇంటి దస్తావేజులోని పేరు, దరఖాస్తులోని పేరు ఒకటి కాకపోతే ఇల్లు అప్పగించరని దాని కింద చిన్న అక్షరాలలో ఉంది. అక్కడి ఇంటి దస్తావేజు బావ అసలు పేరు మీద ఉంది. ఆరో గడిలో నేను అసలు పేరు రాశాను. కార్డు మీది పేరు సరైనది కాదని పక్కన వివరణ కూడా రాశాను. కార్యాలయం నాలుగింటికి మూసేస్తారు. సమయం చాలక చదివి వినిపించలేదు. బావ వేలిముద్ర వేశాడు.

సమయం చాలలేదన్న మాట సరికాదు. అయినా దాన్ని కొట్టివేయకుండా అలాగే ఉంచమని కోరుతున్నాను. అప్పటికి రెండూ నలభై మాత్రమే అయింది. చదివితే ఆయన ఒప్పుకోడని తెలిసే చదవలేదు. ఇల్లు దక్కుతుందనుకున్నాను. అబద్ధపు పేరున్న కాగితం నా చేతిమీదుగా వెళ్లకూడదని కూడా అనుకున్నాను. ఏది ముందు అనుకున్నావని తమరు అడిగారు. రెండోదే.

కార్యాలయంలో బావను ఒకే ప్రశ్న అడిగారు, ఇష్టపూర్వకంగానే వెళుతున్నావా అని. అవునన్నాడు.

ఇరవై మూడో తేదీ గురువారం ఉదయం తొమ్మిదింటికి బస్సు సరిహద్దు గేటు చేరింది. సాగనంపడానికి నేనూ వెళ్లాను. అవతలి సిపాయి జాబితా చూసి అసలు పేరు బిగ్గరగా పిలిచాడు. పద్నాలుగేళ్లుగా ఎవరూ పిలవని పేరు. బావ పలకలేదు. రెండోసారి పిలిచాక వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"చదివి వినిపించలేదేం ప్లీడరూ?" అన్నాడు. తిట్టలేదు.

ఆయనను పక్క గదిలోకి తీసుకువెళ్లారు. దాని తలుపు ఆకుపచ్చ రంగు. అక్క గేటు దాటలేదు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే వెళ్లి, ఆ తలుపు కనిపించే చోట కూర్చుంటోంది. నాతో మాట్లాడదు. నిన్న నా చొక్కా గుండీల వంక చూసింది. మళ్లీ తలుపు వైపు తిరిగింది.

బావ ఎక్కడున్నాడని తమరు రాసిన ఉత్తరానికి అవతలి ప్రభుత్వం నుంచి వచ్చిన జవాబు ఈ ఉదయం నాకు చూపించారు. ఆ పేరుగల మనిషి తమ దేశంలోకి రాలేదట. కార్డు మీది పేరుగల మనిషీ రాలేదట.

అసలు పేరుతో వెళ్లడానికి ఆయన ఒప్పుకోలేదనీ, అది నా ఒక్కడి పని అనీ నమోదు చేయమని కోరుతున్నాను. దీని ఆధారంగా ఆయనను వెనక్కి పంపమని అడగవచ్చా అన్నాను. ముందు ఆయన అక్కడ ఉన్నాడని వాళ్లు ఒప్పుకోవాలి కదా అని తమరు అన్నారు. అయినా నమోదు చేయండి. అసలు పేరు మాత్రం ఈ కాగితంలో రాయవద్దు.

ఇందులో ఉన్నది నిజం. ఎవరి బలవంతమూ లేకుండా, ఇష్టపూర్వకంగా చెప్పాను. ఈ మాటలే మూడువందల పన్నెండుసార్లు ఇతరుల తరఫున రాశాను. తమరు నాకు రెండుసార్లు చదివి వినిపించారు.

(సంతకం. వాంగ్మూలం ఇచ్చిన వ్యక్తి కోరినందున, ఎడమచేతి బొటనవేలి ముద్ర కూడా.)